బొమ్మ పడలేదు, బండి ఆగలేదు

శుక్రవారం రాత్రి అప్‌గ్రేడ్ పెట్టి, భోంచేసి వచ్చి, రీస్టార్ట్ నొక్కుతారు. కంపెనీ గుర్తు వస్తుంది, పోతుంది. ఆ తరవాత నల్లతెర. ఎడమ మూలన చిన్న గీత ఒకటి మిణుకుమిణుకుమంటూ ఉంటుంది, లేదా అదీ ఉండదు. కాసేపు చూసి పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేస్తారు. మళ్ళీ వేస్తారు. మళ్ళీ అదే. అప్పుడు ఫోన్ తీసి వెతకడం మొదలవుతుంది. ఎవరో, ఎప్పుడో, వేరే మెషీన్ కోసం రాసుకున్న నాలుగు కమాండ్లు దొరుకుతాయి. వాటిని ఒకదాని వెంట ఒకటి కొట్టేస్తారు. తెల్లారేసరికి నల్లతెర కాస్తా మెషీన్ బూటే కాని స్థితికి చేరుతుంది.

లైనక్స్ మెషీన్లు బాగుచేసే వాళ్ళను ఎవరినడిగినా ఒకటే చెబుతారు. అప్‌గ్రేడ్ పాడుచేసింది ఒక్కటే ఉంటుంది, ఆ రాత్రి కంగారులో మనిషి పాడుచేసినవి మూడో నాలుగో ఉంటాయి. శనివారం పొద్దున వచ్చి చూసేవాడు ముందు ఆ మూడింటినీ విప్పితేగానీ అసలు దాని దగ్గరికి చేరలేడు. అందుకే ఈ అధ్యాయంలో మొదటి పని కీబోర్డు మీంచి చేతులు తీసేయడం. పది నిమిషాలు కాఫీ పెట్టుకోండి, కాగితం, పెన్ను తెచ్చుకోండి. తెలియకపోవడం వల్ల ఏ మెషీనూ చెడిపోదు. తెలియకుండా కొట్టిన కమాండుతో చెడుతుంది.

ఆ పది నిమిషాల్లో గుండె నిబ్బరానికి ఒక సంగతి చెప్పుకోండి. మీ ఫైళ్ళు ఎక్కడికీ పోలేదు. పెళ్ళి ఫొటోలు, జీఎస్టీ కాగితాలు, పిల్లవాడి ప్రాజెక్టు అన్నీ డిస్కు మీద ఎక్కడివక్కడే ఉన్నాయి. లైనక్స్‌లో తెర మీద బొమ్మ వేసే పని ఒక ప్రోగ్రాముది, ఫైళ్ళు కాపాడే పని ఇంకొకదానిది. బొమ్మ వేసేది పడిపోయినా రెండోది తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. డేటా సెంటర్లలో పెద్దపెద్ద సర్వర్లు అసలు బొమ్మే లేకుండా ఏళ్ళ తరబడి నడుస్తాయి.

చెన్నైలో ఈ అధ్యాయం అవసరం వేరే ఊళ్ళకన్నా కాస్త ఎక్కువే. ఇక్కడ చాలా ఇళ్ళలో లైనక్స్ ఎవరూ కోరి తెచ్చుకున్నది కాదు, దానంతటదే వచ్చి చేరింది. మన దేశంలో తయారైన బాస్ అనే లైనక్స్ రకం పుట్టింది ఈ ఊళ్ళోనే. తరమణి టైడెల్ పార్కులోని కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్, క్రోంపేట ఎంఐటీ ప్రాంగణంలోని అన్నా విశ్వవిద్యాలయం వారి ఏయూ-కేబీసీ పరిశోధన కేంద్రం కలిసి నడిపిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కేంద్రం నుంచి 2007లో దాని మొదటి విడుదల వచ్చింది. దాని పునాది డెబియన్. తెలుగుతో సహా మన భాషలన్నీ అందులో పెట్టారు. దాదాపు అదే కాలంలో ఉమాశంకర్ అనే ఐఏఎస్ అధికారి తమిళనాడు ప్రభుత్వపు ఎల్కాట్ సంస్థను నడుపుతూ ప్రభుత్వ కంప్యూటర్లను సూసే లైనక్స్ వైపు మళ్ళించారు. 2011లో మొదలైన తమిళనాడు ప్రభుత్వ ఉచిత ల్యాప్‌టాప్ పథకంలో లక్షలాది పిల్లలకు అందిన మెషీన్లలో విండోస్ పక్కనే బాస్ కూడా ఉండేది. ఆ ల్యాప్‌టాపులు ఇప్పుడు తమ్ముళ్ళకీ మేనకోడళ్ళకీ దిగాయి. వీటికి తోడు మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో కొన్న పాత ఆఫీసు మెషీన్లు. వాటిలో కొట్టువాడే ఉబుంటు వేసి ఇస్తాడు. వీటిలో దేనికీ ఫోన్ చేసి తిట్టడానికి ఒక కంపెనీ ఉండదు. మీరే చూసుకోవాలి.

ఒక చిన్న ఏర్పాటు. కమాండ్లను ఇక్కడ ఫోన్లో ఒకరికొకరు చెప్పుకునే తీరులోనే రాస్తున్నాను. అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. పెద్ద అక్షరం కావలసిన చోట చెబుతాను. మైనస్ అంటే అడ్డగీత, స్లాష్ అంటే ముందుకు వాలిన గీత, చుక్క అంటే చుక్కే. స్పేస్ ఉన్నచోట స్పేస్ అని రాస్తాను. అది మరిచిపోతే కమాండ్ పలకదు. సుడో అంటే అడ్మిన్ హక్కుతో చేయమనడం.

ఇక మెషీన్ లేచే తీరు. బీచ్ స్టేషన్‌లో ఎక్కి తాంబరం వెళ్ళే లోకల్ రైలును తలుచుకోండి. తాంబరంలో చుట్టం దిగలేదంటే బండి అసలు బయల్దేరలేదని కాదు. ఎగ్మూరు దాటిందా, మాంబళం దాటిందా, గిండీలో ఆగిందా అని ఆరా తీస్తాం. మెషీన్‌లో మొదటి స్టేషన్ బోర్డులో ఉండే ఫర్మ్‌వేర్, కంపెనీ గుర్తు చూపించేది అదే. తరవాత గ్రబ్, అంటే ఏ సిస్టమ్ లేవాలో అడిగే పట్టీ. ఆపైన కెర్నెల్, దానితో పాటే గ్రాఫిక్స్ కార్డును పలికించే డ్రైవర్. ఆ తరవాత పాస్‌వర్డ్ అడిగే తెరను నడిపే డిస్‌ప్లే మేనేజర్. ఉబుంటులో దాని పేరు జీడీఎం, తేలిక రకాల్లో లైట్‌డీఎం. అది డిస్‌ప్లే సర్వర్‌ను లేపుతుంది. చివర మీకు అలవాటైన డెస్క్‌టాప్ వస్తుంది. నల్లతెర అంటే తాంబరంలో చుట్టం కనిపించలేదని మాత్రమే. ఎక్కడ ఆగిందన్నది తేలనిదే ఏం చేయాలన్న ప్రశ్నకు అర్థం లేదు. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచింది నిజానికి ఇంతే, మిగిలినదంతా ఆ స్టేషన్ ఎలా కనుక్కోవాలన్నదే.

డిస్‌ప్లే సర్వర్ గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అప్‌గ్రేడ్‌లలో నిజంగా మారుతున్నది అదే. 1984లో అమెరికాలో ఎంఐటీలో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ మొదలుపెట్టిన ఎక్స్ విండో సిస్టమ్ 1987కల్లా ఎక్స్11 అనే రూపానికి వచ్చింది. ఆ రూపమే ముప్పై ఏళ్ళకు పైగా లైనక్స్ తెరలన్నిటినీ మోసింది. మధ్యలో 2004లో లైసెన్సు తగాదా వచ్చి, ఎక్స్‌ఫ్రీ86ని వదిలి అందరూ ఎక్స్.ఆర్గ్ వైపు వచ్చేశారు. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ అనే ప్రోగ్రామర్ ఎక్స్‌కు బదులుగా వేలాండ్ మొదలుపెట్టాడు. ఆ పేరున్న మసాచుసెట్స్ ఊరి మీదుగా కారులో వెళ్తుండగా తట్టిందట. 2016లో ఫెడోరా 25, 2019లో డెబియన్ 10 వేలాండ్‌ను ముందు వరసలో పెట్టాయి. ఉబుంటు 17.10లో పెట్టి, 18.04లో వెనక్కి తగ్గి, 21.04లో మళ్ళీ పెట్టింది. 2025 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 25.10లో గ్నోమ్ అనే దాని డెస్క్‌టాప్‌కు పాత ఎక్స్ సెషనే లేదు. అంటే పదేళ్ళ నాటి మెషీన్‌ను కొత్త వెర్షన్‌కు ఎక్కించినప్పుడు, మీకు తెలియకుండానే బొమ్మ వేసే మనిషి మారిపోయి ఉండవచ్చు.

దీనివల్ల ఒక తమాషా జరుగుతుంది. అసలు చెడిపోనిదాన్ని చెడిపోయిందనుకుంటాం. పాత ఎక్స్‌లో ఏ ప్రోగ్రామైనా పక్క ప్రోగ్రామ్ కిటికీలోకి తొంగిచూడగలదు, మీరు నొక్కే ప్రతి కీనీ వినగలదు. వేలాండ్ ఆ కిటికీలన్నీ మూసేసింది. అందుకని పాత తెర రికార్డర్ నల్ల వీడియో తీస్తుంది. రిమోట్‌గా మెషీన్ చూసే పాత ప్రోగ్రామ్ ఉత్త తెర చూపిస్తుంది. కీబోర్డు కీలు మార్చుకోవడానికి ఎన్నడో రాసిపెట్టుకున్న ఎక్స్‌మోడ్‌మ్యాప్ వరసలు పనిచేయవు. తెలుగు టైపింగ్‌కు సొంత ఏర్పాట్లు చేసుకున్నవాళ్ళు ఇక్కడే తడబడతారు. సెట్టింగ్స్‌లో కీబోర్డు కింద తెలుగును కొత్తగా చేర్చుకుంటే ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్ దాన్ని చూసుకుంటుంది. మీరిప్పుడు దేని మీద ఉన్నారో తెలియాలంటే సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిచి విండోయింగ్ సిస్టమ్ అన్నచోట చూడండి. ఎక్స్ సెషన్ ఇంకా ఉన్న వెర్షన్లలో, పాస్‌వర్డ్ కొట్టే తెర మీద కింద మూలన చిన్న పళ్ళచక్రం గుర్తు ఉంటుంది. అది నొక్కి పాతదాన్ని ఎంచుకుంటే ఆరోజు పని గడుస్తుంది. దాన్ని తాత్కాలికంగానే చూసుకోండి, ఆ తలుపు ఒక్కో వెర్షన్‌లోనూ మూసుకుపోతోంది.

ఇప్పుడు నల్లతెర దగ్గరికి వద్దాం. అన్నిటికన్నా ముందు మానిటర్ వైరు. నవ్వకండి. అప్‌గ్రేడ్ రాత్రే ఎవరో టేబుల్ జరిపి ఉంటారు. గ్రాఫిక్స్ కార్డుకు పెట్టవలసిన హెచ్‌డీఎంఐ వైరు బోర్డు వెనక ఉన్న ఇంకో రంధ్రంలోకి వెళ్ళి ఉంటుంది. సముద్రపు గాలి తగిలే తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ ఇళ్ళలో కనెక్టర్లు తుప్పు పడతాయి కూడా. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టండి.

తరవాత క్యాప్స్ లాక్ నొక్కండి. దీపం వెలిగి ఆరుతుంటే కెర్నెల్ బతికే ఉంది, బొమ్మ మాత్రమే రాలేదు. ఇది చాలా మంచి వార్త. దీపం దానంతటదే టపటపా కొట్టుకుంటుంటే కెర్నెలే కూలింది. దీపం కదలకపోతే మెషీన్ బిగుసుకుపోయి ఉండవచ్చు. బతికే ఉందనుకోండి, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కండి (కొన్ని ల్యాప్‌టాపుల్లో ఎఫ్ఎన్ కూడా కలపాలి). తెల్ల అక్షరాలతో లాగిన్ అని అడిగే తెర వస్తే రైలు మాంబళం దాటిందన్నమాట. అక్కడ పేరు, పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్ళవచ్చు. పాస్‌వర్డ్ కొడుతుంటే అక్షరాలు, చుక్కలు ఏమీ కనబడవు. అది పద్ధతే, కొట్టుకుంటూ పోండి. అదీ రాకపోతే రీస్టార్ట్ చేసి గ్రబ్ పట్టీని పిలవాలి. పాత రకం బయోస్ మెషీన్లలో షిఫ్ట్ నొక్కిపట్టాలి, కొత్తవాటిలో ఎస్కేప్ తడుతూ ఉండాలి. విండోస్ కూడా ఉన్న మెషీన్లలో ఆ పట్టీ ఎలాగూ కనిపిస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అన్న వరస తెరిస్తే పాత కెర్నెళ్ళు ఉంటాయి. అప్‌గ్రేడ్ కొత్త కెర్నెల్ వేసినా ముందుదాన్ని వెంటనే తీసేయదు, ఇలాంటి రోజు కోసమే ఉంచుతుంది. రెండో కెర్నెల్ ఎంచుకుని బొమ్మ వస్తే మీ పని మూడొంతులు అయిపోయినట్టే. కార్డు, మానిటర్, మీ ఫైళ్ళు, డెస్క్‌టాప్ అన్నీ బాగున్నాయి. తగాదా కొత్త కెర్నెల్‌కీ డ్రైవర్‌కీ మధ్య.

ఎక్కడ ఆగిందన్నది మొదటి ప్రశ్న అయితే, రెండోది ఏం మారిందన్నది. దీన్ని గుర్తుచేసుకోనక్కరలేదు, మెషీనే రాసిపెట్టుకుంటుంది. డెబియన్ కుటుంబంలో, అంటే ఉబుంటు, మింట్, బాస్ అన్నిటిలోనూ, స్లాష్ వార్ స్లాష్ లాగ్ స్లాష్ ఏపీటీ అనే ఫోల్డర్లో హిస్టరీ చుక్క లాగ్ అనే ఫైలు ఉంటుంది. లెస్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, ఈ దారి రాసి తెరవండి. పెద్ద జీ నొక్కితే చివరికి వెళ్తుంది. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కు మారిందో వరసగా ఉంటుంది. వందల పేర్లుంటే భయపడకండి. లైనక్స్ ఇమేజ్, ఎన్విడియా, మెసా, జీడీఎం, లైట్‌డీఎం, ఎక్స్‌సర్వర్ అనేవి వెతకండి. నల్లతెర వెనక ఉండేవి దాదాపు ఇవే. కనిపించినవాటిని కాగితం మీద రాసుకోండి.

పాస్‌వర్డ్ దాకా వచ్చి అక్కడే తిరుగుతూ ఉండడం ఇంకో రకం. దీని గురించి పెరంబూరులో ఉండే మా బాబాయితో జరిగిన ఫోన్ సంభాషణ ఉన్నదున్నట్టు చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ఆయన అక్కడి రైలుపెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో పనిచేసి రిటైరయ్యారు.

“ఒరేయ్, పాస్‌వర్డ్ కొడితే ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ పాస్‌వర్డే అడుగుతోందిరా. మర్చిపోయానంటావా?”

“తప్పు పాస్‌వర్డ్ అయితే తప్పని చెబుతుంది బాబాయ్. నల్లబడుతోందంటే ఒప్పుకుంది, లోపలికి తీసుకెళ్ళలేక బయటికి పంపేస్తోంది.”

“ఎందుకు?”

“చూద్దాం. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కండి. లోపలికి వచ్చారా? ఇప్పుడు డీ, ఎఫ్, స్పేస్, మైనస్, హెచ్ కొట్టి ఎంటర్.”

“ఏవో పట్టీలొచ్చాయి.”

“కుడి చివర మౌంటెడ్ ఆన్ అని ఉంటుంది. ఆ కాలమ్‌లో ఉత్త స్లాష్ ఒక్కటే ఉన్న వరస చూసి, దాని ఎదురుగా ఎంత శాతమో చెప్పండి.”

“వందరా.”

“అదే. డిస్కు నిండిపోయింది. లోపలికి వెళ్ళేటప్పుడు అది చిన్న ఫైలొకటి రాసుకోవాలి, చోటు లేదు.”

“మరి ఫొటోలు తీసెయ్యనా?”

“వద్దు వద్దు, ఫొటోల జోలికి వెళ్ళకండి. సుడో, స్పేస్, ఏపీటీ, స్పేస్, క్లీన్. డౌన్‌లోడ్ చేసుకున్న మూటలు పోతాయి. మళ్ళీ డీఎఫ్ మైనస్ హెచ్ చూడండి.”

“తొంభై ఒకటి.”

“ఇంక రీబూట్ అని కొట్టండి.”

బొమ్మ వచ్చింది. ఆయన అప్పటికే మనవడి సలహా విని ఆ రాత్రి మొత్తం తుడిచి విండోస్ వేయించడానికి సిద్ధపడి ఉన్నారు. అప్‌గ్రేడ్ కొన్ని జీబీల మూటలు దించుకుంటుంది, కొత్త కెర్నెల్ పెడుతుంది, లాగ్‌లు పెంచుతుంది. చిన్న డిస్కున్న పాత మెషీన్లలో అది నిండిపోవడానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు. ఇంకా చోటు కావాలంటే సుడో, స్పేస్, ఏపీటీ, స్పేస్, ఆటోరిమూవ్ పాత కెర్నెళ్ళను తీసేస్తుంది. అయితే కొత్త కెర్నెల్ మీద బొమ్మ వచ్చిందని తేలాకే దాన్ని కొట్టాలి. తిరిగి రావడానికి ఉన్న ఒక్క దారినీ ముందే తెంచుకోవద్దు.

డిస్కులో చోటు ఉండి కూడా లాగిన్ ఇలాగే తిరుగుతుంటే, నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటుంది. కొత్త యూజర్‌ను చేయండి. సుడో, స్పేస్, యాడ్‌యూజర్, స్పేస్, ఏదో ఒక పేరు. వెనక్కి వెళ్ళి ఆ పేరుతో లోపలికి వెళ్ళి చూడండి. డెస్క్‌టాప్ వచ్చిందంటే సిస్టమ్ మొత్తం బాగుంది, చిక్కు మీ సొంత ఫోల్డర్లోని సెట్టింగ్స్‌లో ఉంది. కొత్త వెర్షన్‌కు సరిపడని గ్నోమ్ ఎక్స్‌టెన్షన్లు కావచ్చు. ఎప్పుడో సుడోతో డెస్క్‌టాప్ లేపినందువల్ల రూట్ అనే అడ్మిన్ యూజర్ సొంతమైపోయిన చుక్క ఎక్స్‌అథారిటీ అనే ఫైలు కావచ్చు (పేరులో ఎక్స్ పెద్ద అక్షరం). దాన్ని తీసేయకుండా పేరు మారిస్తే చాలు, కొత్తది అదే పుట్టుకొస్తుంది.

ఎన్విడియా కార్డు ఉన్నవాళ్ళు ఇక్కడ కాస్త కుర్చీ దగ్గరికి లాక్కోండి. ఇంటెల్, ఏఎండీ డ్రైవర్లు కెర్నెల్‌తో కలిసే వస్తాయి, కాబట్టి కెర్నెల్ మారితే అవీ కలిసి మారతాయి. ఎన్విడియా సొంత డ్రైవర్ బయటి నుంచి వచ్చేది. కెర్నెల్ మారిన ప్రతిసారీ దాన్ని కొత్త కెర్నెల్‌కు సరిపడేలా మళ్ళీ కట్టాలి. ఆ పని డీకేఎంఎస్ అనే ఏర్పాటు చేస్తుంది. అది కట్టడానికి కెర్నెల్ హెడర్లు ఉండాలి. అప్‌గ్రేడ్‌లో కొత్త కెర్నెల్ వచ్చి హెడర్లు రాకపోతే డీకేఎంఎస్ ఊరుకుంటుంది, తెర నల్లబడుతుంది. నల్లతెర కేసుల్లో దీన్నే ముందు అనుమానించండి. డీకేఎంఎస్, స్పేస్, స్టేటస్ కొట్టండి. యూనేమ్, స్పేస్, మైనస్, ఆర్ కొడితే వచ్చే కెర్నెల్ నంబరు పక్కన ఇన్‌స్టాల్డ్ అని ఉందా లేదా చూడండి. లేకపోతే మీ కెర్నెల్‌కు తగ్గ లైనక్స్ హెడర్స్ ప్యాకేజీ వేస్తే మిగతాది అదే కట్టుకుంటుంది.

ఇన్‌స్టాల్డ్ అని ఉండీ బొమ్మ రాకపోతే సెక్యూర్ బూట్ వైపు చూడాలి. సంతకం లేని డ్రైవర్‌ను అది లోపలికి రానివ్వదు. డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, మరుసటి రీస్టార్ట్‌లో నీలం తెర వచ్చి దాన్ని అడుగుతుంది. ఆ నీలం తెర కొద్ది సెకన్లే నిలుస్తుంది. మనం కాఫీ కలుపుకుంటుంటే వెళ్ళిపోతుంది. అప్‌గ్రేడ్ తరవాతి మొదటి రీస్టార్ట్‌కు మెషీన్ ముందే కూర్చోమని నేను అనేది అందుకే. మూడోది కార్డు వయసు. రిచీ స్ట్రీట్‌లో ఇప్పటికీ కనిపించే జీటీ 710 లాంటి కెప్లర్ కాలపు కార్డులకు 470 వరస డ్రైవరే ఆఖరు. అప్‌గ్రేడ్ దానికన్నా కొత్త వరసను తెచ్చిపెడితే ఆ కార్డు దాన్ని గుర్తుపట్టదు. అలాంటి పాత కార్డుకు ఎన్విడియా ప్యాకేజీలు తీసేసి, కెర్నెల్‌తో వచ్చే నూవో డ్రైవర్‌తో సర్దుకోవడం మేలని నా అభిప్రాయం. ఆటలు ఆడరు, ఉత్తరాలు టైపు చేసుకుంటారు; దానికి నూవో సరిపోతుంది. 2012లో ఫిన్లాండ్‌లో ఒక సభలో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఎన్విడియాకు మధ్యవేలు చూపించాడు. ఆ కంపెనీ 2022లో తన కెర్నెల్ మాడ్యూళ్ళను ఓపెన్ సోర్స్‌గా బయటపెట్టింది. అయితే అవి ట్యూరింగ్ తరం నుంచి వచ్చిన కార్డులకే, పాత కార్డుల వాళ్ళకు ఆ మేలు అందలేదు.

పాత కెర్నెల్ మీద కూడా ఏమీ కనిపించకపోతే గ్రబ్ పట్టీలో ఇంకో ఉపాయం ఉంది. లేవబోయే వరస మీద నిలిచి ఇంగ్లిష్ ‘ఈ’ (e) అక్షరం నొక్కితే కొన్ని పంక్తులు తెరుచుకుంటాయి. లైనక్స్ అన్న మాటతో మొదలయ్యే పంక్తి చివరికి వెళ్ళి, ఒక స్పేస్ ఇచ్చి, నోమోడ్‌సెట్ అని కలిపి రాసి ఎఫ్10 నొక్కండి. డ్రైవర్ పెద్ద హంగులు వదిలి మామూలు బొమ్మతో లేస్తుంది. కాస్త మొరటుగా, పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఇది ఆ ఒక్కసారికే. మళ్ళీ రీస్టార్ట్ చేస్తే చెరిగిపోతుంది. దీన్ని శాశ్వతం చేసుకుని ఏళ్ళ తరబడి ఆ మొరటు తెర మీదే బతికేవాళ్ళను చూశాను. అది వైద్యం కాదు, వైద్యం చేయడానికి వెలుతురు.

లాగ్ చదవడం గురించి భయం అక్కరలేదు. ఎక్స్ సెషన్ అయితే స్లాష్ వార్ స్లాష్ లాగ్‌లో గానీ, మీ హోమ్‌లో చుక్క లోకల్, షేర్, ఎక్స్ఆర్గ్ అనే ఫోల్డర్ల లోపల గానీ ఎక్స్ఆర్గ్ చుక్క సున్నా చుక్క లాగ్ అనే ఫైలు (పేరులో ఎక్స్ పెద్ద అక్షరం) ఉంటుంది. దారి పొడుగునా వందల పంక్తులు. వాటిలో బ్రాకెట్లో ఐఐ ఉన్నవి కబుర్లు, డబ్ల్యూడబ్ల్యూ ఉన్నవి హెచ్చరికలు. ఈఈ ఉన్నవే తప్పులు, అవే చదవండి. చివర్లో నో స్క్రీన్స్ ఫౌండ్ అన్న పంక్తి చూసి మానిటర్ చెడిందనుకుని కొత్తది కొనుక్కొచ్చినవాళ్ళున్నారు. ఆ పంక్తి ఫలితం, కారణం కాదు. అక్కడి నుంచి పైకి చదువుకుంటూ వెళ్ళి మొట్టమొదటి ఈఈ పట్టుకోండి, అసలు మనిషి అక్కడ ఉంటాడు. వేలాండ్ అయితే జర్నల్‌సీటీఎల్, స్పేస్, మైనస్ బీ, స్పేస్, మైనస్ 1, స్పేస్, మైనస్ పీ, స్పేస్, 3. అంతకు ముందు లేచినప్పుడు దొర్లిన తప్పులన్నీ వరసగా చెబుతుంది. తెరను ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

మార్చేటప్పుడు ఒకసారికి ఒకటే మార్చండి. మార్చి, రీస్టార్ట్ చేసి, ఏమైందో రాసుకుని, పని కాకపోతే దాన్ని వెనక్కి తిప్పి, అప్పుడే రెండోది ముట్టుకోండి. చెప్పడం తేలిక, రాత్రి పదకొండుకు పాటించడం కష్టం. ఓపిక తగ్గేకొద్దీ రెండేసి, మూడేసి కలిపి చేసేస్తాం, బొమ్మ వచ్చినా దేనివల్ల వచ్చిందో తెలియదు. ఫైళ్ళను తీసేయకండి, పేరు మార్చండి. ఎప్పుడో ఎవరో రాసిపెట్టిన ఎక్స్ఆర్గ్ చుక్క కాన్ఫ్ ఫైలు ఈటీసీ కింద ఎక్స్11 ఫోల్డర్లో (ఇక్కడా ఎక్స్ పెద్ద అక్షరం) కూర్చుని, ఇప్పుడు లేని డ్రైవర్‌ను రమ్మని పిలుస్తూ ఉంటుంది. ఇప్పటి ఎక్స్‌కు మామూలుగా ఆ ఫైలే అక్కరలేదు, కార్డునూ మానిటర్‌నూ తానే కనుక్కుంటుంది. చివర చుక్క ఓల్డ్ అని తగిలించి పక్కకు పెడితే చాలాసార్లు సరిపోతుంది.

ఈశాన్య రుతుపవనం వచ్చే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో ఇంకో రకం కేసు తగులుతుంది. అప్‌గ్రేడ్ సగంలో కరెంటు పోవడం. 2016 డిసెంబరులో వర్దా తుపాను, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేని వీధులున్నాయి. సగం విప్పిన మూటలతో ఆగిపోయిన మెషీన్ నల్లతెర చూపిస్తే దానికి డిస్‌ప్లే సర్వర్‌ను తిట్టి లాభం లేదు. అక్షరాల తెరలోకి వెళ్ళి సుడో, స్పేస్, డీపీకేజీ, స్పేస్, రెండు మైనస్‌లు, కాన్ఫిగర్, స్పేస్, మైనస్ ఏ కొట్టండి. ఆగిన చోటి నుంచి అందుకుంటుంది. తరవాత సుడో, స్పేస్, ఏపీటీ, స్పేస్, మైనస్ ఎఫ్, స్పేస్, ఇన్‌స్టాల్ కొడితే తప్పిపోయిన మూటలు తెచ్చుకుంటుంది. అది ఏవేం తీసేస్తానంటుందో ఆ జాబితా చదివాకే వై నొక్కండి. డెస్క్‌టాప్ పేరు కూడా ఆ జాబితాలో ఉంటే ఎన్ నొక్కి, ఎవరినైనా అడగండి.

అడగడం కూడా ఒక పనే, మనవాళ్ళు మొహమాటపడే పని. నా కంప్యూటర్ రావట్లేదు అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కు మార్చారు, ఏ కార్డు (ఎల్ఎస్‌పీసీఐ, స్పేస్, మైనస్ కే చెబుతుంది), ఎక్కడ దాకా వచ్చింది, మొదటి ఈఈ పంక్తి ఏమిటి, ఇప్పటిదాకా ఏం మార్చారు అని ఐదు వాక్యాలు చెబితే, తెలిసినవాడు సగం వింటుండగానే జవాబు అందుకుంటాడు. చివరిది దాచకండి. ఫోన్‌లో చూసి ఏదో కొట్టానని చెప్పడానికి సిగ్గుపడి దాచినవాళ్ళ మెషీన్లే అన్నిటికన్నా ఎక్కువ రాత్రులు తింటాయి. ఈ ఊళ్ళో చెన్నై లైనక్స్ యూజర్స్ గ్రూపు 1998 నుంచీ ఉంది, ఐఐటీ మద్రాసులో తరగతి గదిలో కలుసుకునేవారు. తెలుగులోనే అడగాలనుకుంటే హైదరాబాదులో స్వేచ్ఛ వాళ్ళున్నారు, తెలుగు డెస్క్‌టాప్ మీద పనిచేసినవాళ్ళు.

అన్నీ తుడిచి కొత్తగా వేసేయడం తప్పా అంటే, కాదు. మూడు వెర్షన్లు వెనకబడిన మెషీన్‌ను మెట్టుమెట్టుగా ఎక్కించడం కన్నా ఫైళ్ళు పక్కకు తీసుకుని కొత్తగా వేయడం చాలాసార్లు త్వరగా అవుతుంది. ఆ నిర్ణయం పొద్దున్నే తీసుకోండి, అర్ధరాత్రి వద్దు. వేసే ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా లేపి, హోమ్ ఫోల్డర్‌ను బయటి డిస్కుకు కాపీ చేసి, ఆ డిస్కును వేరే మెషీన్‌కు తగిలించి నాలుగైదు ఫొటోలు తెరిచి చూడండి. కాపీ అయింది అన్న మాటను నమ్మకండి, తెరిచి చూడండి. కొత్తగా వేసేటప్పుడు హోమ్‌కు వేరే పార్టిషన్ ఇస్తే మరోసారి ఈ కాపీల పని తగ్గుతుంది.

వచ్చే అప్‌గ్రేడ్ ఎప్పుడు పెట్టాలన్నది కూడా ఇప్పుడే అనుకోండి. పిల్లల పబ్లిక్ పరీక్షల వారంలో వద్దు, జీఎస్టీ రిటర్నుల గడువు ముందు రోజు వద్దు, తుపాను హెచ్చరిక ఉన్న రోజు వద్దు. శనివారం పొద్దున, ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద, డీఎఫ్ మైనస్ హెచ్ చూసి కనీసం పదిహేను జీబీ ఖాళీ ఉందనుకున్నాక మొదలుపెట్టండి. టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్‌తో ఆ నాటి సిస్టమ్ నకలు ఒకటి తీసుకోండి. మీ హోమ్ ఫైళ్ళను అది మామూలుగా ముట్టుకోదు, వాటికి వేరే కాపీ ఉండాలి. లైవ్ పెన్‌డ్రైవ్ ఒకటి చేసి, దాన్ని ఇప్పుడే, మెషీన్ బాగున్నప్పుడే, ఒకసారి లేపి చూడండి. బూట్ మెనూ కొన్నిటిలో ఎఫ్12కి వస్తుంది, కొన్నిటిలో ఎఫ్9కి, కొన్నిటిలో ఎస్కేప్‌కి. మీ మెషీన్‌ది ఏదో పెన్‌డ్రైవ్ మీదే మార్కర్‌తో రాసి, సొరుగులో పడేయండి.